నిద్రమొద్దు వంశం

చర్చి తాళాలు చూసుకునే తాళాలత్తకు ఈమధ్య పొద్దున లేవగానే మొదటి దండం దేవుడికి కాదు, ఒక గాజుముక్కకు. ఆమె ఉండే గది చర్చి వెనకగోడకు ఆనుకునే ఉంటుంది. మొహమైనా కడుక్కోకుండా పక్కతలుపు తీసుకుని లోపలికి పోతుంది. జ్ఞానస్నానపు రాతితొట్టి పక్కన నిలబడి మెడ రిక్కిస్తుంది. గోడ మీది పగులుకు అడ్డంగా అంటించిన అరచేతి పొడవు గాజుముక్క ఒక్కటిగానే ఉందా, రెండయిందా అని చూస్తుంది. ఒక్కటిగా ఉంటే "హమ్మయ్య" అనుకుని, అప్పుడు పోయి పళ్ళు తోముకుంటుంది. గాజుముక్కేమిటి, దానికి దండమేమిటి అని మీరు నవ్వచ్చు. నవ్వండి, నాకేం? కానీ ఆ ముక్క పగిలితే చర్చి మూతపడుతుంది. మూతపడ్డ చర్చి మళ్ళీ తెరుచుకోగా చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

ఏటవతలి చర్చిని అలాగే "కాస్త మరమ్మతుంది" అని మూశారు. ఇప్పుడందులో సిమెంటు బస్తాలు నిల్వ చేస్తున్నారు. అక్కడి తాళాలాయన వచ్చేపోయేవాళ్ళకు ఏ తలుపుకూ పట్టని తాళంచెవి చూపించి, ఇది ఫలానా చర్చిది అని చెప్పుకుంటూ పొద్దుపుచ్చుతున్నాడు. ఆయన్ని తలుచుకుంటే చాలు, అత్త తన తాళంచెవి తడిమి చూసుకునేది.

ఇంతకీ ఈ చర్చి కథ చెప్పకుండా ముందుకు పోతే మీకేమీ అర్థం కాదు. ఊళ్ళో దీన్ని చిన్నగుడి అంటారు. చిన్నగుడి ఉందంటే ఎక్కడో పెద్దగుడి ఉండాలి కదా! ఉండేది. సరిగ్గా ఈ చోటే. బిషప్పుగారు కొలువుండే కెథడ్రల్ అది. ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నా వెనక వరసలు ఖాళీగా ఉండేవట. ఇప్పుడక్కడ గడ్డి మైదానం, అందులో మోకాలెత్తున మిగిలిన స్తంభాల మొదళ్ళు. వాటి మీద ముసలివాళ్ళు కూర్చుని ప్రభుత్వాలు కూలుస్తుంటారు.

పెద్దగుడి కూలింది ఒక ఆదివారం పొద్దున. జనమంతా ప్రార్థనకు వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. తలుపు తీయలేదు. తాళంచెవి పెట్టుకునేవాడు లోపల పడి నిద్రపోతున్నాడు. "ఒరేయ్ నిద్రమొద్దూ, లేవరా!" అని తలుపు బాదారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తిట్లు మొదలయ్యాయి. వాడి ఏడుతరాలనూ ఎత్తి, దున్నపోతుతో పోల్చి, ఆ దున్నపోతే నయమని కూడా అన్నారు. అలా తిడుతుండగానే లోపల ఫెళఫెళమని చప్పుడైంది. పైకప్పు కూలింది, దానివెంట గోడలు. దుమ్ము సర్దుకున్నాక చూస్తే, ఊళ్ళో ఒక్క మనిషికి గీత పడలేదు. కూలిన రాళ్ళ వెనకనుంచి తాళాలవాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి, "మన్నించండి బాబూ, మొద్దునిద్ర పట్టేసింది" అన్నాడట. అప్పటిదాకా తిట్టిన నోళ్ళే వాడికి జేజేలు కొట్టాయి. మిగిలింది ఒకే ఒక్క గోడ. కూలిన రాళ్ళు కొన్ని ఏరుకుని, ఆ గోడకే ఆనించి ఈ చిన్నగుడి కట్టుకున్నారు. మిగతా రాళ్ళు ఎక్కడికి పోయాయంటారా? ఆ ఊళ్ళో ఏ ఇంటి మెట్టయినా తిప్పి చూడండి.

అప్పటినుంచి చిన్నగుడిలో ఒక ఆనవాయితీ పడింది. ఆదివారం తలుపు వేసే ఉంచుతారు. తాళంచెవి ఉన్న మనిషి లోపల ఉండాలి. బయటినుంచి పెద్దాయన ఒకడు తలుపు కొట్టి "నిద్రమొద్దూ, లే!" అంటాడు. లోపలినుంచి "ఇంకాసేపు పడుకోనివ్వండి" అని జవాబు రావాలి. అందరూ కలిసి తిట్టాలి. అలా మూడుసార్లు. మూడోసారికి తలుపు తెరుచుకుంటుంది, పిల్లలు ముందు, పెద్దలు వెనక, తోసుకుంటూ లోపలికి పరిగెత్తి ముందు వరసలు పట్టుకుంటారు. పిల్లలైతే వారమంతా కొత్త తిట్లు కూడబెట్టుకుని వస్తారు.

మన అత్త ఆ నిద్రమొద్దు వంశమే. తండ్రి దగ్గర్నుంచి తాళంచెవి ఆమెకే వచ్చింది. ఇల్లరికం వచ్చిన మొగుడు, "తిట్లు తినడానికి వంశపారంపర్య హక్కున్న ఇల్లు ఇదొక్కటే" అని జోకులేసేవాడు, పాపం, పోయేదాకా.

ఆ మిగిలిన పాతగోడ మీది పగులు మొదట వెంట్రుకవాసి. తరువాత గోరంత. ఫాదర్‌గారు పట్నానికి కబురు పెడితే ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నిచ్చెన వేయించి, పగులు శుభ్రం చేయించి, సన్నటి గాజుముక్కను దాని మీద అడ్డంగా పెట్టి, రెండు చివరలా ప్లాస్టరు ముద్దతో అతికించింది.

"ఇదేం వైద్యం తల్లీ, గోడకి కట్టు కట్టినట్టు!" అంది అత్త.

"వైద్యం కాదు పెద్దమ్మా, నాడి చూడటం. గాజు సాగదు కదా. గోడ ఏమాత్రం కదిలినా ఠక్కున పగులుద్ది. పగల్లేదంటే పాత పగులే, ఊరుకుందని అర్థం. పగిలిందనుకోండి, ఇంకేం ఆలోచించకండి. ఎవర్నీ లోపలికి రానివ్వద్దు, నాకు ఫోన్ కొట్టండి."

"కొడితే?"

"మూసేస్తాం."

"ఎప్పుడు తెరుస్తారు?"

ఇంజనీరమ్మ నిచ్చెన దిగి, చేతులు దులుపుకుంటూ, "చూద్దాం పెద్దమ్మా" అంది. ఆ "చూద్దాం" అనే మాట అత్త ఇంతకుముందు విన్నదే. మొగుణ్ణి ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు కూడా అదే అన్నాడు.

ఇక చూడండి ఆమె అవస్థ! తలుపులు దబ్బున వేయకూడదు. బల్లలు జరపకూడదు, ఎత్తి పెట్టాలి. గంట నాలుకకు గుడ్డ చుట్టింది. అది ఠంగుమనడం మానేసి, దుప్పట్లో దగ్గినట్టు దగ్గడం మొదలెట్టింది. పాటల బృందంలో ఒక బాబాయి ఉన్నాడు, గొంతెత్తితే కిటికీలు అదురుతాయి. ఆయన్ని పక్కకు పిలిచి, "బాబాయ్, దేవుడికి చెవుడు లేదు, కాస్త మెల్లగా పాడకూడదూ?" అంది. ఆయన అలిగి మూడు వారాలు పెదవులు మాత్రమే కదిపాడు. జనం నవ్వుకున్నారు. ఆమె మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ గాజుముక్క వైపే చూసేది. ప్రార్థన ఏం జరిగిందో, ఫాదర్‌గారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కేది కాదు.

ఇంతలో కూతురు పసిబిడ్డతో వచ్చింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఇక ఆశ వదులుకున్నాక పుట్టిన పిల్ల. కూతురికి ఒకటే కోరిక. తనకూ, తన తల్లికీ, ఆమె తండ్రికీ జ్ఞానస్నానం అయిన ఆ రాతితొట్టిలోనే తన బిడ్డకూ కావాలి. ఆ తొట్టి పెద్దగుడి నాటిది. కదిలించబోతే పగులుతుందేమోనని ఉన్నచోటే ఉంచేశారు. ఉన్నచోటు ఏది? సరిగ్గా ఆ గోడ కింద, ఆ పగులు కింద.

"ఆదివారమేగా అమ్మా? ఏ అడ్డూ లేదుగా?" అని కూతురు వచ్చిన గడియనుంచీ అడుగుతూనే ఉంది. ఆశపడి భంగపడ్డవాళ్ళకు మంచి జరగబోతున్నా భయమే.

"అడ్డేముంటుందే, పిచ్చిదానా" అంది అత్త.

గురువారం పొద్దున గాజు రెండు ముక్కలైంది.

అత్త తొట్టి అంచు పట్టుకుని కూలబడింది. ఫోన్ చెయ్యాలి. ఫోన్ గదిలోనే ఉంది. గదిలో కూతురు బిడ్డకు పాలిస్తూ, తెల్లగౌను కుచ్చిళ్ళు సరిచేస్తూ కూనిరాగం తీస్తోంది. ఈ ఒక్క ఆదివారం అవనీ, అనుకుంది అత్త. అసలు గోడే కదిలిందని రూలేమిటి? కిటికీలోంచి పిల్లి వస్తూనే ఉంటుంది కదా, అది దూకి ఉంటుంది. అంత ఎత్తుకు, నిట్టనిలువు గోడ మీదికి, పట్టుకోవడానికి ఏమీ లేనిచోటికి పిల్లి ఎందుకు దూకుతుంది అని మనసులో ఒక గొంతు అడిగింది. "పిల్లే" అని పైకే గట్టిగా చెప్పింది. కళ్ళు మూసుకుని పాలు తాగిందీ పిల్లే అని మాత్రం ఆ పూట ఆమెకు గుర్తు రాలేదు.

ఇంట్లో గాజు ఎక్కడుంది? మొగుడి ఫొటోకుంది. ఫొటో గోడకు వదిలేసి అద్దం మాత్రం ఊడదీసి, పమిట కింద దాచుకుని, ఫొటోలకు ఫ్రేములు కట్టే అతని దగ్గరికి పోయింది.

"ఇంత సన్న ముక్క దేనికి వదినా?"

"ఉంది లేవయ్యా. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టకు, కొయ్యి."

ఆ మధ్యాహ్నం కూతురూ బిడ్డా నిద్రపోతుంటే నిచ్చెన వేసుకుని ఎక్కింది. ఈ వయసులో! పాత ముక్కలు ఊడబీకి, కొత్తది అంటించి, ప్లాస్టరు అచ్చం ఇంజనీరమ్మ పెట్టినట్టే ముద్దగా పెట్టింది. దిగి చూసుకుంటే తేడా తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా చేతులు కడుక్కుని వంటకు కూర్చుంది.

సాయంత్రం కూతురు అడిగింది. "అమ్మా, నాన్న ఫొటోకి అద్దం ఏమైంది?"

"పగిలింది. తుడుస్తుంటే జారింది."

"అయ్యో, చెయ్యి తెగలేదు కదా?" అని కూతురు ఆమె చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. అబద్ధం చెప్పిన బాధకన్నా ఆ చూడటమే ఆమెను ఎక్కువ కోసింది. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. చర్చి చూడటానికి వచ్చిన యాత్రికులకు పెద్దగుడి కథ చెబుతూ, "నిద్రపోయాడు" అనేచోట ఆ మాట దాటేసి ముందుకు పోయింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

ఆదివారం వచ్చింది. బయట మైదానమంతా జనం. కూతురు, అల్లుడు, తెల్లగౌనులో పసిది తలుపుకు అతి దగ్గర్లో నిలబడ్డారు. ఆ రోజు మొదట లోపలికి వచ్చేది వాళ్ళే, వచ్చి నిలబడేది తొట్టి దగ్గరే. అత్త లోపల ఒక్కతే తాళంచెవి పట్టుకుని తలుపు వెనక నిలబడింది. గాజుముక్క దిక్కు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. చూసింది. ఒక్కటిగానే ఉంది.

దబదబ తలుపు మోగింది. "నిద్రమొద్దూ, లే! పొద్దెక్కింది!"

"ఇంకాసేపు పడుకోనివ్వండి" అంది. బయట తిట్లూ నవ్వులూ. ఎవడో పిల్లకాయ "కుంభకర్ణుడి అమ్మమ్మా!" అని కేకేశాడు.

రెండోసారి తలుపు మోగింది. "లే, నిద్రమొద్దూ!"

ఆమె నోరు తెరవబోయింది. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఆమె కళ్ళ ముందే గాజు నడిమికి విరిగింది. ఒక సగం ప్లాస్టరు ముద్దలోంచి ఊడి తొట్టిలోని నీళ్ళలో పడింది. పిల్లి లేదు. గంట మోగలేదు. బాబాయి ఇంకా గొంతైనా విప్పలేదు.

"ఇంకాసేపు..." అంటుందని బయట ఎదురు చూశారు. అనలేదు. మూడోసారి బాదారు. తలుపు తెరుచుకోలేదు.

ఒక్క క్షణం తలుపు తీసి, వద్దని చెబితే సరిపోదూ అంటారేమో. ఎక్కడ సరిపోతుంది! రెక్క కదిలితే చాలు, పిల్లలు ఆమె కాళ్ళ సందుల్లోంచి దూరిపోతారు. పుట్టినప్పటినుంచీ వాళ్ళకు నేర్పిందే అది. అత్త తాళంచెవిని రొండిన దోపుకుంది. గోడకు దూరంగా జరిగి, పక్కతలుపు గుండా బయటపడి, దానికీ తాళం వేసి, చుట్టూ తిరిగి జనం ముందుకు వచ్చింది. ఆయాసంతో రొప్పుతోంది.

"అరెరే, నిద్రమొద్దు లేచి బయటికొచ్చేసింది!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎవరూ లోపలికి పోవద్దు" అంది. "గోడ కదుల్తోంది."

ఘొల్లున నవ్వారు. "అబ్బో, ఈ వారం కొత్త డైలాగు!" అన్నాడు బాబాయి.

"నిజం బాబాయ్! నా మాట వినండి, వెనక్కి జరగండి!"

"వెనక్కి కాదు, ముందుకే వస్తాం, కుంభకర్ణుడి అమ్మమ్మా!" అని పిల్లలు ఎగిరారు. ఆమె తలుపుకు వీపానించి రెండు చేతులూ చాపి నిలబడింది. ఆమె ఎంత బతిమాలితే వాళ్ళు అంత నవ్వారు. తరతరాలుగా తలుపు తీయనని చెప్పడమే ఆ వంశం పని. ఇవాళ నిజంగా తీయనంటే ఎవరు నమ్ముతారు? ఫాదర్‌గారు కూడా చిరునవ్వుతోనే వచ్చారు. "అత్తా, బాగుంది కానీ ఇక చాలు. ఎండెక్కుతోంది."

పసిది ఏడుపు మొదలెట్టింది. కూతురి మొహం చిన్నబోయింది. "అమ్మా, ఏంటమ్మా ఇది? ఇవాళే దొరికిందా నీకు వేళాకోళం?"

తాను ఏం పోగొట్టుకోబోతోందో అత్తకు ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు. గది పోతుంది, తాళంచెవి పోతుంది, ఊళ్ళో మర్యాద పోతుంది. అవన్నీ పోయినా ఇలాగే నవ్వుతూ తోసుకుని లోపలికి పోతే? చెప్పక తప్పలేదు.

"నాన్న ఫొటో అద్దం ఏమైందని అడిగావు చూడు" అంది కూతురితో. "జారి పగల్లేదే. నేనే కోయించాను. ఇంజనీరమ్మ పెట్టిన గాజు గురువారమే పగిలింది. ఎవరికీ చెప్పకుండా మీ నాన్న అద్దం ముక్క తెచ్చి నేనే అంటించాను. అదీ ఇప్పుడే పగిలింది, నా కళ్ళముందు. తొట్టిలో పడింది."

నవ్వులు ఆగిపోయాయి. కూతురు తల్లినే చూస్తూ నిలబడింది. అద్దం లేని ఫొటో ఆమె చూసింది కదా, ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"గురువారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ నా బిడ్డని ఆ గోడ కింద నిలబెడదామనుకున్నావా?"

"అనుకున్నానే" అంది అత్త. ఏడుపు ఆగలేదు. "నీ ముచ్చట తీరాలనీ, గుడి మూతపడకూడదనీ... అనుకున్నాను."

కూతురు బిడ్డను గట్టిగా గుండెకు అదుముకుంది. వెనక్కి తిరిగి, "జరగండి! పిల్లల్ని పట్టుకోండి! మా అమ్మ నిజమే చెప్తోంది" అని అరిచింది. బాబాయి అందుకున్నాడు. వారాల తరబడి దాచుకున్న గొంతంతా తీసి "వెనక్కీ!" అన్నాడు. జనం మైదానం చివరిదాకా పోయారు.

చర్చి కూలలేదు. మధ్యాహ్నం దాకా అందరూ కూర్చుని అటే చూశారు, కూలలేదు. ఏటినీళ్ళు బకెట్టుతో తెప్పించి, ఒకప్పుడు పెద్దగుడి నడిమధ్య అయిన గడ్డిలో, ఒక స్తంభం మొదలు పక్కన ఫాదర్‌గారు బిడ్డకు జ్ఞానస్నానం చేయించారు. కూతురు ఆసాంతం తల్లి వైపు చూడలేదు. సాయంత్రానికి ఇంజనీరమ్మ వచ్చింది. లోపల చాలాసేపు ఉండి, బయటికి వచ్చి, తలుపుకు అడ్డంగా ఎర్రపట్టీ కట్టించింది. "ఇవాళ పడేదా, పదేళ్ళకి పడేదా అంటే నేను చెప్పలేను. కానీ కదుల్తోంది" అంది. గది కూడా ఖాళీ చేయాలని చెప్పి, తాళంచెవి కోసం చెయ్యి చాపింది. అత్త ఇచ్చేసింది. రొండిన ఏదో ఊడిపోయినట్టు తేలిగ్గా, భయంగా అనిపించింది.

గదిలోని సామాను కూతురూ అల్లుడే సర్దారు. అన్నీ కట్టాక కూతురు గోడ మీది తండ్రి ఫొటో దించి, కాసేపు చూసి, పమిటతో తుడిచింది. తరువాత బిడ్డను తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టి, "పట్టుకో, మూటలు మొయ్యాలి నేను" అంది. అత్త పట్టుకుంది. పిల్ల తల పాలవాసన వేస్తోంది.

మరుసటి ఆదివారం ప్రార్థన గడ్డిలోనే జరిగింది. అలవాటు పొరపాటున పెద్దాయన పోయి ఎర్రపట్టీ ముందు నిలబడ్డాడు. చెయ్యెత్తి, "నిద్రమొద్..." అనబోయి, వెనక కూర్చున్న అత్తను చూసి చెయ్యి దించేశాడు.

అప్పుడే ఎవరో యాత్రికుడు, పాపం ఏమీ తెలియనివాడు, ఆమె పక్కన చేరి అడిగాడు. "ఇదేనటగా పెద్దచర్చి కూలిన చోటు? తాళాలవాడు నిద్రపోబట్టి ఊరంతా బతికిందట, నిజమేనా?"

అత్త బిడ్డను భుజం మార్చుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె వైపే చూస్తున్నారు. చిన్నప్పటినుంచీ వేలసార్లు చెప్పిన కథ అది.

"నిద్ర కాదు నాయనా" అంది. "మెలకువగానే ఉన్నాడు. గోడ కదలటం వాడు ముందే చూశాడు. చూసి కూడా చెప్పలేదు, అది ఒప్పుకోలేక నిద్రపోయానన్నాడు."